నాకు రాని కామెర్లు

పోయిన నెల మా తమ్ముడి కూతురికి ఇంజనీరింగులో సీటు వచ్చిందని మా పల్లె చర్చిలో కృతజ్ఞతా కూడిక పెట్టారు. దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమంటే మా తమ్ముడు లేచి, కూతురి సంగతి రెండు ముక్కల్లో ముగించి, నా సంగతి అందుకున్నాడు. డిగ్రీ మొదటి ఏడాది పరీక్షల ముందు మా అక్కకు కామెర్లు వచ్చి మార్కులు తగ్గాయనీ, స్కాలర్‌షిప్ పోయిందనీ, అయినా దేవుడు విడిచిపెట్టక ఇవాళ హైస్కూల్లో సైన్సు టీచరును చేశాడనీ చెప్పాడు. జనమంతా నా వంక తిరిగి స్తోత్రం అన్నారు. దాదాపు నలభై ఏళ్లుగా మా ఇంటా బయటా చెలామణీ అవుతున్న కథ ఇది. ఇందులో స్కాలర్‌షిప్ పోయిన మాట నిజం, నేను టీచరునైన మాట నిజం. కామెర్లు మాత్రం రాలేదు. ఆ ఏడాది నాకు జలుబు కూడా చేయలేదు.

మాది పర్చూరు దగ్గర పల్లె. నాన్న పొగాకు చేలల్లో కూలి, అమ్మ మిరప కోతలకు పోయేది. మా పేటలో డిగ్రీకి వెళ్ళిన మొదటి ఆడపిల్లను నేనే. చర్చి పెద్దల సిఫార్సు మీద ఎవరో పుణ్యాత్ములు ఇచ్చే స్కాలర్‌షిప్‌తో గుంటూరు హాస్టల్లో చేరాను. ఏటా నూటికి అరవై తగ్గకూడదన్నది ఒక్కటే షరతు. నాకు చిన్నప్పటినుంచీ నోరెక్కువ. మా ఊళ్ళో దాన్ని పెంకితనమనేవారు, గుంటూరులో అదే నోటిని వక్తృత్వమన్నారు. అంతే, నేను నేల మీద నిలవలేదు. ఒంగోలనీ తెనాలనీ నరసరావుపేటనీ ఏ కాలేజీలో పోటీ పెట్టినా బస్సెక్కేదాన్ని, ఫిజిక్సు పుస్తకం సంచిలో నాతోపాటే ఊళ్ళు తిరిగేది గానీ దాన్ని తెరిచిన పాపాన పోలేదు. పరీక్షలు రద్దు చేయాలన్న పక్షాన అరగంట వాదించి కప్పు గెలిచిన నెలలోనే పరీక్షలు వచ్చిపడ్డాయి. అవి రద్దు కాలేదు.

ఎండాకాలం సెలవుల చివర్లో ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కదాన్నే. నాన్న అరుగు మీద కూర్చుని, చదవమ్మా అన్నాడు. మార్కులు చాలనందున ఇకమీదట సాయం నిలిపివేస్తున్నామని అందులో ఉంది. నేను ఆ ముక్క చదివి వినిపించి, అమ్మానాన్నలు నోరు తెరవకముందే, పరీక్షలప్పుడు కామెర్లు వచ్చాయనీ, మీరు బెంగపడతారని చెప్పలేదనీ అన్నాను. ముందుగా అనుకున్న మాట కాదు. పోటీల్లో ఎదుటివాళ్ళకు జవాబు తడుముకోకుండా చెప్పడం అలవాటైన నాలుక, ఇక్కడ కూడా తడుముకోలేదు.

కామెర్లు తిరగబెడతాయని అమ్మకు భయం. రోజూ పొద్దున్నే పరగడుపున నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి తాగించేది. ఉప్పూ నూనే లేని చప్పిడి కూడు. చుట్టూ కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉండే ఊళ్ళో నాకొక్కదానికే కారం నిషేధం. మూడు వారాలు నోరు మూసుకుని తిన్నాను, తాగాను. అక్కడితో ఆగి ఉంటే ఇవాళ నవ్వుకుంటూ చెప్పేదాన్నేమో.

మా ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉండేది. అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేవారు. ఆదివారం ఆ డబ్బాలు చర్చికి తెచ్చి గంపలో పోసేవారు. ఆ బియ్యం దిక్కులేనివాళ్ళకు. అప్పటికి అయిదారేళ్లుగా ఆ గంప మా మేనత్తది, అంటే నాన్న అక్కది. పిల్లల్లేరు, భర్త పోయాడు, చూపు మందగించింది. తమ్ముడి ఇంట తిని కూర్చోవడం ఇష్టంలేని మనిషి.

చర్చి స్త్రీల సమాజంలో నా కోసం ప్రార్థన చేశారు. నేను ముందు వరసలోనే, పథ్యం చేసిన మొహంతో కూర్చున్నాను. ప్రార్థన అయ్యాక అత్త లేచి నిలబడి, “నా గంప ఈ పిల్లకి మళ్ళించండమ్మా. బియ్యం అమ్మి హాస్టలుకి కట్టండి. దీని సదువు ఆగితే ఇంకో పిల్లని ఎవరు పంపుతారు?” అంది. పాస్టరమ్మగారు, “మరి మీరేం తింటారండీ?” అని అడిగారు. “నాకేం, ఒక్క పొట్ట. మిరప కొట్లో తొడిమలు తీసుకుని బతుకుతా. దానికి కళ్ళెందుకు, చేతులు సాలు,” అంది.

నేను నోరు విప్పవలసిన క్షణం అదొక్కటే. ఎన్నో మైకుల ముందు విప్పిన నోరు, అక్కడ పెగల్లేదు.

అత్త గుంటూరు మిరప కొట్టుకు పోయి, వేలితో తడిమి తొడిమలు తీస్తూ రెండేళ్లు ఆ ఘాటులో కూర్చుంది. నేను మళ్ళీ పోటీలకు పోలేదు. పుస్తకం వదల్లేదు. ప్యాసయ్యాను, బీఈడీ చేశాను, ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో అత్తకు చీర కొని ఊరికి వెళ్ళేసరికి ఆమె గడపలో ఎండకు కూర్చుని దగ్గుతోంది. ఎలాగో గుండె చిక్కబట్టుకుని, “అత్తా, ఆ కామెర్లు...” అన్నాను.

“ఇప్పుడా సోదెందుకులేవే. ఆ వాదించే పోటీలకి మళ్ళీ ఎళ్ళావా? మైకు ముందు దంచేదానివంట గదా,” అంది.

పోటీల సంగతి నేను మా ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. ఎవరు చెప్పారత్తా అంటే, “గుంటూరెంత దూరమే?” అని నవ్వింది. ఆ నవ్వు దగ్గయింది, నేను నీళ్ళకు లేచాను, తిరిగొచ్చేసరికి పక్కింటావిడ వచ్చి కూర్చుంది. ఆ వానాకాలంలోనే అత్త పోయింది.

మొన్న కూడిక అయ్యాక చర్చి బయట ఇదంతా తమ్ముడికి చెప్పాను. వాడు కాసేపు చెప్పులు వెతుక్కున్నట్టు వంగి, “పోన్లే అక్కా, ఆమెకి వయసు కూడా అయిందిగా. నువ్వు చదువుకున్నావు, అది చాలదా?” అన్నాడు. చాలదురా అన్నాను. నాతో వాదించి నెగ్గినవాడు లేడు గనక చెప్పులేసుకుని నడిచాడు.

ఇప్పుడు మా చర్చిలో బియ్యం గంప లేదు, కానుకకు ఫోన్‌తో స్కాన్ చేసే అట్ట పెట్టారు. మేనకోడలి స్కాలర్‌షిప్ నేరుగా దాని ఖాతాలో పడుతుంది. రేపు దానికి మార్కులు తగ్గితే ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఎవరి అన్నంలోనూ పిడికెడు తగ్గదు. మంచిదే. కానీ దాని కోసం లేచి నిలబడేవాళ్ళు కూడా ఇక ఉండరు.

నాకు తెలియవలసింది ఒక్కటే మిగిలింది, చెప్పగలిగిన మనిషి లేదు. నా కామెర్లు అబద్ధమని అత్తకు మిరప కొట్లో ఎవరి నోటో తెలిసి ఉంటే, నేను ఆమెను మోసం చేసినట్టు, దానికి క్షమాపణ అడుక్కోవడం నాకు తెలుసు. అలాకాక, ఆ రోజు ఆడవాళ్ళందరి మధ్య లేచి నిలబడక ముందే ఆమెకు తెలుసా?