సుందుస్‌కి దొరికిన సీటు

విజ్దాన్ మా పై అంతస్తులో ఉండేది. ఇరాక్‌లోని బస్రాలో తొమ్మిదేళ్లు డాక్టరుగా చేసిన మనిషి. భర్త ఫాదిల్‌తో అమెరికాలోని డియర్‌బోర్న్ వచ్చాక, ఇక్కడి హాస్పిటల్లో రోగుల దగ్గర రక్తం తీసే పనిలో చేరింది. ఈ దేశపు పరీక్షలన్నీ మంచి మార్కులతో పాసయింది. కానీ ఇక్కడ డాక్టరు కావాలంటే ముందు ఏదో ఒక హాస్పిటల్లో రెసిడెన్సీ అనే మూడేళ్ల శిక్షణ చెయ్యాలి. ఆ సీట్లను ఏటా మార్చిలో మ్యాచ్ అనే పద్ధతిలో కంప్యూటర్ పంచుతుంది. విజ్దాన్ పేరు ఆ కంప్యూటర్‌కి ఎన్నడూ కనిపించలేదు. మార్చి నెలంతా ఆమె వంటింట్లో గిన్నెల మోత మా ఇంట్లోకి వినిపించేది.

సుందుస్ ఆమె దగ్గర చదువుకోవడానికి వచ్చే అమ్మాయి. ఆమే ఇరాక్‌లోని నాసిరియా నుంచి వచ్చింది, విజ్దాన్ కంటే చాలా చిన్నది. మెడికల్ కాలేజీ, ఈ దేశపు పరీక్షలూ అయ్యాయి కానీ ఒక్క రోగిని కూడా సొంతంగా చూసి ఎరగదు. విజ్దాన్ తన వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి ఆమెకు గుండె గ్రాఫు చదవడం నేర్పింది, తప్పు చెప్తే కసిరింది, ఆకలేస్తే అన్నం పెట్టింది. ఆ గంటల్లో విజ్దాన్ మొహం చూడాలి! మళ్లీ డాక్టరైపోయినట్టే ఉండేది.

అక్టోబరులో ఒక సాయంత్రం సుందుస్ క్లేచా డబ్బాతో వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. ఖర్జూరం వేసి కాల్చిన ఆ బిస్కెట్లు ఇంకా వేడిగానే ఉన్నాయి.

"అక్కా, నాకు రెసిడెన్సీ సీటొచ్చింది!"

"అక్టోబరులో సీటేంటే? మ్యాచ్ మార్చిలో కదా."

"మ్యాచ్‌లో కాదక్కా. మొదటి ఏడాది అబ్బాయొకడు మధ్యలో మానేశాడు. ఆ ఖాళీలో నన్ను తీసుకున్నారు. సోమవారం నుంచే రమ్మన్నారు."

"ఏ హాస్పిటల్?"

సుందుస్ డబ్బా మూత నొక్కి పెట్టింది. "మీదే అక్కా."

విజ్దాన్ ఆమెను కౌగిలించుకుంది, రెండు బుగ్గలమీదా ముద్దు పెట్టింది. ఆ పిల్ల మెట్లు దిగిన చప్పుడు ఆగగానే డబ్బా నా చేతిలో పెట్టి, "నువ్వు తీసుకుపో, నాకు తీపి పడదు" అంది. ముందురోజే నా ఎదురుగా పళ్లెం నిండా బక్లావా మిఠాయి తిన్న మనిషి.

తర్వాతి శుక్రవారం మా వీధిలోనే ఉండే ఉమ్ హైదర్ ఇంట్లో ఆడవాళ్లమంతా టీ తాగుతున్నాం. ఎవరో సుందుస్ అదృష్టాన్ని మెచ్చుకున్నారు.

"అదృష్టమా?" అంది విజ్దాన్, టీలో చక్కెర కలుపుతూ. "పెద్దవాళ్ల చెయ్యి లేకుండా దొడ్డిదారి తలుపులు తెరుచుకుంటాయా? ఎవరి చెయ్యో నాకేం తెలుసు తల్లీ."

అంతే, చాలు. మర్నాటికి ఆ మాట వీధంతా తిరిగింది. కొందరు దానికి ఒక మగవాడి పేరు కూడా తగిలించారు.

హాస్పిటల్లో ఇద్దరూ రోజూ ఎదురుపడాల్సి వచ్చేది. సుందుస్ పొడుగు తెల్లకోటులో వస్తుంటే విజ్దాన్ తన రక్తం తీసే సామాన్ల బండిని పక్క వరండాలోకి తిప్పేసేది. ఒకరోజు తప్పించుకోవడానికి వీల్లేకపోయింది.

"అక్కా, ఏడో బెడ్ రక్తం శాంపిల్ గడ్డకట్టిందంట. మళ్లీ తీయాలి."

"అలాగే డాక్టర్."

"నన్ను డాక్టర్ అనకక్కా."

"మరేమనాలి? నా వంటింట్లో అన్నం తిన్న పిల్లా అని పిలవనా, అందరిముందూ?"

సుందుస్ ఆమెను మెట్ల దారిలోకి లాక్కెళ్లింది. అక్కడ జరిగింది విజ్దానే తర్వాత నాకు చెప్పింది.

"నా వెనక ఎవరిదో చెయ్యుందన్నావంట కదా. ఉంది. నీదే. ఆ మానేసిన అబ్బాయి స్టోరు గదిలో కూర్చుని ఏడుస్తున్నాడని, ఇక ఎన్నాళ్లో ఉండడని నాకు చెప్పిందెవరు? నువ్వే కదా! టీ తాగుతూ నవ్వుతూ చెప్పావు. నేను మర్నాడే వెళ్లి రెసిడెన్సీ డైరెక్టర్ తలుపు తట్టాను. ఖాళీ వస్తే నన్ను చూడండి అన్నాను. పొమ్మన్నా మళ్లీ వెళ్లాను."

విజ్దాన్ చేతి తొడుగులు లాగేసి జేబులో కుక్కింది. "నాకొక్క మాట చెప్పొచ్చుగా" అంది.

"చెప్తే సీటు నీకిచ్చేవాళ్లక్కా. నాకిచ్చేవాళ్లు కాదు. అందుకే చెప్పలేదు."

విజ్దాన్ ఇంటికొచ్చి ఇదంతా ఫాదిల్‌కి చెప్పి, ఎంత కపటమో చూడమంది. ఆయన షూ విప్పుకుంటూ, "కపటమే. మరి నువ్వెందుకు తట్టలేదు ఆ తలుపు?" అన్నాడు.

"నేను బిచ్చగత్తెనా? తొమ్మిదేళ్ల డాక్టర్ని!"

"ఆ డైరెక్టర్‌కి ఆ సంగతి తెలుసా?"

తెలియదు. విజ్దాన్ వెళ్లి చెప్పేదాకా డైరెక్టర్ హాన్లన్‌కి నిజంగానే తెలియదు. ఆమె వెళ్లింది మంచి మనసుతో కాదు. ఆ పిల్లకి తెరుచుకున్న తలుపు తనకెందుకు తెరుచుకోదో చూద్దామన్న కసితో వెళ్లింది.

"రోజూ నా రోగుల దగ్గర రక్తం తీసేది మీరే కదా. డాక్టరని ఎప్పుడూ చెప్పలేదే?" అన్నాడాయన.

"ఎవరూ అడగలేదు."

"ఇప్పుడు నా దగ్గర ఖాళీ లేదు. అప్పుడప్పుడూ వచ్చి కనిపిస్తూ ఉండండి."

ఆమె వెళ్తూనే ఉంది. మార్చిలో మ్యాచ్ మళ్లీ మొండిచెయ్యే చూపింది. జూలైలో మాత్రం, మ్యాచ్‌లో ఎంపికైన ఒకతనికి వీసా రాలేదు. అతను ఎంతకీ చేరుకోలేకపోయేసరికి ఆ సీటు ఖాళీ అయింది. విజ్దాన్‌ని పిలిచారు.

ఆ కబురు విన్నాక ఆమె అన్న మొదటి మాట, "అంటే సుందుస్ నాకు సీనియరా?"

సీనియరే. శరత్కాలం వచ్చేసరికి సుందుస్ రెండో ఏడాదిలోకి వెళ్లింది. ఎవరిని ముందు చూడాలో, ఏ మందు మార్చాలో విజ్దాన్‌కి ఆమే చెప్పేది. ఆమె చెప్పినదాంట్లో తప్పు దొరికితే విజ్దాన్ పదిమందిలో దిద్దేది. దొరకనిరోజు చెప్పినట్టే చేసేది. అలా కొట్లాడుకుంటూనే ఇద్దరూ రోగుల్ని బాగా చూసేవారని అక్కడి నర్సులే నాతో చెప్పారు. ఉమ్ హైదర్ ఇంట్లో అన్న మాటను మాత్రం విజ్దాన్ అదే ఇంట్లో, అదే ఆడవాళ్ల ముందు వెనక్కి తీసుకుంది. తలెత్తకుండా, గబగబా.

రెండేళ్ల తర్వాత అక్టోబరులో, సుందుస్ శిక్షణ ముగిసిన రోజు పార్టీకి నేనూ విజ్దానూ కలిసే వెళ్లాం. విజ్దాన్ ఆకుపచ్చ పట్టు గౌను వేసుకుంది, ముందు వరుసలో కూర్చుంది, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. కారెక్కాక అడిగాను, సుందుస్ మీద ఆ మంట ఇంకా ఉందా అని.

"ఎక్కడికి పోతుంది?" అంది. "నాకింకా తొమ్మిది నెలల శిక్షణుంది." సీటు బెల్టు పెట్టుకుని, బండి పోనివ్వమంది.