చెంపకు తెలిసే దిక్కులు

ఈ రోజు ఆదివారం. మందమర్రిలో మా పక్కింటి సర్వేయర్ సారు కన్నుమూసి పదకొండు రోజులు. బొగ్గుబావిలో కొలతలు తీసి రిటైరైన మనిషి. రేపు చూపులేని మా మనవరాలిని కరీంనగర్ కాలేజీ హాస్టల్లో చేర్చాలి. అక్కడి దారులు తానే వచ్చి నేర్పుతానన్నారు సారు. ఇక ఆ పని నాది. అందుకే ఆయన పద్ధతి మరిచిపోకముందే రాస్తున్నాను.

పిల్ల ఆరో తరగతిలో ఉన్నప్పుడు బడికి దారి మొదట చెప్పింది నేనే. గేటు నుంచి ఉత్తరానికి నూట ఎనభై అడుగులు, మూల మీద ఎడమకు అరవై అని బట్టీ పట్టించాను. పోయేటప్పుడు సరిగానే పోయింది. వచ్చేటప్పుడూ అదే మూల మీద ఎడమకే తిరిగి లారీల రోడ్డెక్కింది. సారు చూసి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. నేను పిల్ల మీద లేచాను.

"పోరి మీద ఎందుకు ఒర్రుతవక్కా? నీ పాఠం పోయెటందుకే పనికొస్తది. మనిషి మళ్లితె ఎడమ కుడి గూడ మళ్లుతయి. తూర్పు మళ్లుతదా?"

"చూపు లేని పిల్లకు తూర్పు ఎట్ల తెలుస్తది?"

"బాయిల నాకు మాత్రం పొద్దు కనవడ్డదా?"

మరునాటి నుంచి ఎండ ఏ చెంపకు తాకుతుందో చెప్పించేవారు. మబ్బు పట్టిన రోజు కాళ్ళతో వాలు తెలుసుకోమనేవారు. మా వీధి ఉత్తరానికి పల్లం. ఒక సాయంత్రం పిల్ల ఆటపట్టించింది.

"తాతా, పొద్దుగాల కుడి చెంపకే, ఇప్పుడు గూడ కుడి చెంపకే. నీ పొద్దు నన్ను మళ్ల బడికే పొమ్మంటున్నది!"

ఆయన పగలబడి నవ్వారు. "మాపటికి పొద్దు పడమటికి పోతది బిడ్డా. ఎండతోని టైం గూడ కలిపి సూడాలె."

ఎడమ కుడి వద్దనలేదు. "పళ్లెం కాడ గవి చాలు. తొవ్వ మీద దిక్కు గావాలె" అనేవారు. మా వంటింట్లో కూడా చక్కెర డబ్బా ఉప్పుకు తూర్పున ఉందనేవారు. నాకు ఒళ్ళు మండేది. పిల్ల ఒంటరిగా బయల్దేరిన మొదటి నెలంతా, దానికి తెలియకుండా, చప్పుడు కాకుండా చెప్పులు చేత పట్టుకుని వెనకే నడిచారు.

ఆయన పోయిన రోజు పిల్ల నా చెయ్యి పట్టుకోకుండా ఆ ఇంటికి వెళ్ళింది. ఇంతకన్నా ఆయన మాకేం ఇవ్వాలి?

ఇక జరగాల్సినవి:

1. రేపు హాస్టల్ గేటు ముందు నిలబడి మొదట దిక్కులు తేల్చుకోవాలి.

2. కాలేజీకి పోయే దారి, వచ్చే దారి వేరువేరుగా నేర్పాలి. తప్పితే పిల్లే సరిచేసుకోవాలి. నేను నోరు తెరవకూడదు.

3. మూడో రోజు నేనొక్కదాన్నే బస్సెక్కాలి. పిల్ల గేటు బయట నిలబడి, ఎవరినీ అడగకుండా, మందమర్రి వైపు తిరిగి చెయ్యి ఊపాలి.