ఎయిర్ కండిషన్ కారులో పసుపు పంచె

మా అక్క మొగుడు చీపురుపల్లిలో నువ్వుల వ్యాపారి. విశాఖపట్నంలో ఉద్యోగం చాలించుకుని సొంత దేశానికి పోతున్న ఒక దొర దగ్గర పాత కారు కొన్నాడు. నిజానికి ఆయన మోజుపడి కొన్నది కారుని కాదు. ముందు సీటుకి ఎదురుగా, కాళ్ల దగ్గర బిగించిన నల్ల రేకు పెట్టెని. మీట నొక్కితే అందులోంచి గాలి వచ్చేది. అది ఎయిర్ కండిషన్ అని బావ ఊరంతా చెప్పాడు.

కొన్నది పుష్యమాసం. గాలి వెచ్చగా వచ్చింది.

"శీతాకాలం యెచ్చగా, ఎండాకాలం సల్లగా ఇస్తాదిరా. దానికి తెలుస్తాది," అన్నాడు బావ.

ఎండాకాలం వచ్చింది. దానికి తెలియలేదు.

సాలూరు నుంచి ఒక మేస్త్రీని పిలిపించాడు. లారీల ఊళ్లో పేరున్నవాడు. పెట్టె కింద చెమ్మ వేలితో తాకి, "సల్లదనం కారిపోతన్నాది బాబూ," అని తేల్చాడు. లారీ రేడియేటర్ కారితే వాళ్లు చేసే వైద్యమే దీనికీ చేశాడు. గుప్పెడు పసుపు నీళ్లలో కలిపి రేడియేటర్‌లో పోశాడు. పెట్టెలో చిల్లి పూడిన మాట నిజం. చిల్లితో పాటు, ఆ పెట్టెకి నీళ్లు వదిలే చిన్న కుళాయి కూడా పసుపు మడ్డికి తెరిచిన చోటే బిగుసుకుపోయింది.

నేను అప్పుడు హైస్కూల్లో సైన్సు మాస్టారిని. బానెట్ ఎత్తి చూశాను. ఇంజను నుంచి రెండు రబ్బరు గొట్టాలు పెట్టెలోకి వెళ్తున్నాయి. రెండూ పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. ఇంజను కాచిన నీళ్లు ఒక గొట్టంలో వెళ్లి, పెట్టెలో తిరిగి, రెండో దాంట్లోంచి వెనక్కి వస్తున్నాయి. చలిదేశపు మనిషి కాళ్లు కాచుకోవడానికి పెట్టించుకున్న హీటరది.

"బావా, ఇది హీటరు. కుళాయి పట్టేసింది. గొట్టాలు రెండూ పెట్టె నుంచి పీకేసి, ఒకదానికొకటి కలిపెయ్యమను. వేడీ రాదు, నీళ్లూ కారవు," అన్నాను.

బావ మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ నా ఇస్త్రీ చొక్కా వైపు చూశాడు.

"మన దేశంలో కారుకి పొయ్యి ఎవుడెట్టుకుంటాడు మాస్టారూ?"

"సుద్దముక్క అట్టుకున్నోడివి, నీకెందుకురా ఇయన్నీ," అన్నాడు బావ. "నా ఎయిర్ కండిషన్ పీకీమంటన్నాడు సూడు. కళ్లు కుట్టేసి."

ఆ మాట నేను మర్చిపోలేదు. మర్చిపోయే ఉద్దేశమూ లేదు.

వైశాఖంలో బొబ్బిలిలో నాకు పెళ్లిచూపులు కుదిరాయి. ఆ అమ్మాయిని అక్కడి గ్రంథాలయంలో అంతకుముందే చూశాను. పత్రిక చదువుతూ తనలో తాను నవ్వుకునేది. నేను కుదురైన మనిషినే అయినా, ఆ సంబంధం కుదరాలని లోపల తహతహలాడాను. బస్సులో వెళ్దామన్నాను.

"ఎయిర్ కండిషన్ కారెట్టుకొని బస్సేటిరా? మా పరువు తీస్తావా?"

పెళ్లికొడుకునని గౌరవంగా ముందు సీట్లో, సరిగ్గా ఆ పెట్టెకి ఎదురుగా కూర్చోబెట్టాడు. మీట గట్టిగా నొక్కాడు. నేను అద్దం దించబోతే, "దించీకు, సల్లదనం పోతాది," అన్నాడు. అసలు ఉంటే కదా పోవడానికి.

సగం దారిలో మేస్త్రీ పసుపు వైద్యం వికటించింది. పూడిన చిల్లి మళ్లీ తెరుచుకుంది. పెట్టె కిందనుంచి వేడినీళ్లు చుక్కలు చుక్కలుగా నా కొత్త పంచె మీద పడ్డాయి.

"బావా, కాలుతోంది."

"ఓర్సుకోరా. మొదట్లో అలాగే ఉంటాది."

బొబ్బిలిలో దిగేసరికి నా మొహం ఉడికిన చిలగడదుంపలా ఉంది. మోకాళ్ల నుంచి పాదాల దాకా పంచె తడిసి, పచ్చగా పసుపు. గుమ్మంలోనే అమ్మాయి నాయనమ్మ నన్ను ఆపింది.

"ఏటి బాబూ, పంచంతా పసుపు? ఏ ఊళ్లో తాళి కట్టీసి వస్తన్నావు?"

ఆవిడ వేళాకోళం ఆడలేదు. మా వైపు పసుపు పంచెతో కనిపించేవాడు పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకే.

"కారులోంచి పడిందండి," అన్నాను.

"కారుకి పసుపు బొట్టెడతారు. కడుపులో పోస్తారేటి?"

హీటరు గురించి, గొట్టాల గురించి చెప్పడం మొదలుపెట్టాను. అమ్మాయి తలుపు దగ్గర నిలబడి నిజంగానే వింటోంది. బావ ఒక్క మాట సాయం చేస్తే చాలు. హీటరు కారిందంటే సరిపోయేది. బావ కండువా సర్దుకున్నాడు.

"హీటరేటండీ, మాది ఎయిర్ కండిషన్ కారు. అందులో కూకుంటే సెమటే పట్టదు."

చెమటలు కారుస్తూ, పసుపు పూసుకుని, అబద్ధాలకోరుగా ఆ గుమ్మంలో మిగిలింది నేనొక్కణ్ణే. నాయనమ్మ అమ్మాయిని లోపలికి పిలిచేసింది. ఫలహారాలు బయటికి రాలేదు. తిరుగు దారిలో బావ తన వైపు అద్దం దించుకున్నాడు.

తర్వాత అదే మేస్త్రీ వచ్చి, ఆలోచన తనకే తట్టినట్టు, గొట్టాలు రెండూ పీకి ఒకదానికొకటి కలిపాడు. పెట్టె తీసేశాక కారు శుభ్రంగా నడిచింది. ఆ అమ్మాయికి పార్వతీపురం సంబంధం కుదిరిందని విన్నాను.

కారెక్కినవాళ్లు ఎయిర్ కండిషన్ ఏదని అడిగితే, "మా బావమరిదికి సల్లగాలి పడదండి. తీయించీసినాను," అనేవాడు బావ. నా ముందే అనేవాడు. తర్వాత వేరే చోట నాకు పెళ్లయితే, కొత్త పెళ్లికూతురికీ జాగ్రత్తగా అదే చెప్పాడు. మా ఆవిడ ఈనాటికీ మండు వేసవిలో ఫ్యాను నా వైపు తిప్పదు.