ఎదురు కుంచె

పోయిన నెల ఆదోనిలో సినిమాకు వెళ్లాను. తెరమీద హీరో ఒక్కడే నిలబడి ఊరినంతా చీపురుతో ఊడ్చినట్టు ఊడుస్తున్నాడు. జనం వేసే ఈలలకు థియేటరు పైరేకులు లేచిపోయి దేవరగట్టు కొండమీద పడతాయేమో అనిపించింది. సరిగ్గా అప్పుడు పక్క సీటులోని ముసలాయన చొక్కా నుంచి పులిసిన గంజి వాసన వచ్చింది. ఇస్త్రీ గంజి కాదు, పడుగు గంజి. నేతగాళ్ల వీధిలో పుట్టినవాడికి ఆ తేడా నిద్రలో కూడా తెలుస్తుంది. తెరమీద యాభైమంది గాలిలోకి ఎగిరిపోతుంటే నాకు వాళ్లెవరూ కనబడలేదు. ఎమ్మిగనూరులో మా ఎదురింటి ఈరన్న మామ కనబడ్డాడు. చేతిలో కుంచెతో, ఒంటరిగా.

ఈరన్న మామ గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. మనిషి ఎంత సన్నమంటే, మగ్గంలోకి దిగి కూర్చున్నాక ఆయనేదో నూలుపోగేదో తేల్చడానికి కళ్లద్దాలు తెచ్చుకోవాల్సి వచ్చేది. భార్య పోయింది, కూతురు ఆలూరులో కాపురం చేసుకుంటోంది. ఇక ఆయనకు మిగిలిన సంసారమల్లా సినిమాయే. శుక్రవారం మా ఊళ్లో ఒకటి చూసి, ఆదోని బస్సెక్కి ఇంకొకటి చూసేవాడు. శనివారం మగ్గం ఆడిస్తూ ఆ కథ చెప్పడం మొదలుపెడితే అటు ఆరిళ్లలో, ఇటు ఆరిళ్లలో మగ్గాలు ఆగిపోయేవి. రెండున్నర గంటల సినిమాను నాలుగు గంటలు చెప్పేవాడు. ఆయన చెప్పింది విని ముచ్చటపడి థియేటరుకు వెళ్లినవాళ్లంతా అక్కడ అంత గొప్ప సినిమా కనబడక తిట్టుకుంటూ తిరిగొచ్చేవాళ్లు.

ఎందుకంటే ఆయన హీరో సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, వెనకాల నిలబడిన గుంపు దగ్గర ఆగేవాడు. బిందె పట్టుకున్నామె పేరు సుంకమ్మ, మొగునికి జ్వరం. గడ్డం గీక్కునేవాడు గిడ్డయ్య, అప్పుడే సద్దన్నం తిని వచ్చినాడు. అలా గుంపులో ఒక్కొక్కరికీ పేరు పెట్టి, ఇల్లు కట్టి, పిల్లల్ని కనిపెట్టి కూర్చోబెట్టేవాడు. ఇప్పుడు నేను రాసే నాలుగు వాక్యాల్లో ఏదైనా మనిషి వాసన ఉంటే అది ఆయన దగ్గర ఎత్తుకొచ్చిందే.

ఆఖరి ఫైటింగు మాత్రం ఆయన ఎప్పుడూ చూడలేదు. ముందే లేచి వచ్చేసేవాడు. నేను అప్పటికి డిగ్రీ తప్పి, సినిమా ఆటోలో మైకు పట్టుకుని ప్రచారం చేసేవాణ్ణి. నా గొంతుకు తుంగభద్రలో చేపలు ఒడ్డుకొచ్చి టికెట్లడిగేవని నా నమ్మకం. సినిమా అమ్ముకునేవాడిగా నాకు మనసొప్పక, అసలు పసందు వదులుకుంటున్నావు కదా మామా అని ఒకసారి అడిగాను.

"వాడు గెలుస్తాడని నాకు తెల్సు కదప్పా" అన్నాడు పడుగు పోగుల మధ్య నాడె విసురుతూనే. "ఊరంతా ఒగ పక్క, వాడొక్కడు ఒగ పక్క. సరే, కొట్టినాడు. మర్నాడు వాని పడుగుకు ఎదురు కుంచె ఎవరు పట్టినారు? అది సూపించమను, కూర్సుంటా."

ఈ ఎదురు కుంచె సంగతి చెప్పాలి. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు దారాలను, తెల్లవారుజామున వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకు చాచి కట్టి గంజి పట్టిస్తారు. పొడవైన కుంచెను పడుగు మీద అడ్డంగా పెట్టి, ఇటొకరు అటొకరు పట్టుకుని దువ్వుకుంటూ నడుస్తారు. ఇంకో నలుగురు తెగిన పోగులు ముడేస్తుంటారు. ఎండ ముదిరేలోగా అయిపోవాలి. గంజి ముందే ఆరితే పోగులన్నీ అంటుకుని పడుగంతా అట్ట అయిపోతుంది. దీనికి కూలి లేదు. ఈరోజు నీకు నేను, రేపు నాకు నువ్వు. రాత్రి తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములు కూడా పొద్దున్నే కట్లు కట్టుకుని ఎదురెదురుగా కుంచె పట్టడం నేను చూశాను. పడుగుకు రానన్నవాడు మా వీధి పుట్టాక పుట్టలేదు.

ఆ ఏడాది వీధి పెద్ద నర్సప్ప ఇంట్లో నూలు కట్ట ఒకటి పోయింది. కోసిగి నుంచి పనికొచ్చి మూటలు మోసే హనుమంతు మీద అనుమానం పడ్డారు. నర్సప్ప కొడుకులిద్దరూ అతణ్ణి వీధిలో నూలు చుట్టుకునే రాట్నం దగ్గర గుంజకు కట్టేసి కొట్టారు. మోకాలు విరిగింది. మిట్టమధ్యాహ్నం, వీధి మధ్యలో. పోలీసులు వచ్చి అడిగితే మూడువందల మంది అదే సమయానికి నిద్రపోతున్నామని చెప్పారు. ప్రపంచంలో అంత గాఢంగా నిద్రపోయిన వీధి ఇంకొకటి ఉండదు. ఆ నిద్రపోయినవాళ్లలో నేనూ ఉన్నాను, రాట్నానికి పది అడుగుల దూరంలో, కళ్లు తెరుచుకుని.

ఈరన్న మామ మాత్రం చూసింది చూసినట్టు చెప్పి, వేలిముద్ర వేశాడు.

సాయంత్రం నర్సప్ప ఆయన అరుగుమీద కూర్చుని చాలాసేపు మెత్తగా మాట్లాడాడు. బెదిరించలేదు. పిల్లలు తెలియక చేశారన్నాడు, రేపు నీకు అవసరమొస్తే కోసిగివాడు రాడన్నాడు. చివరికి "రోంత మర్సిపో ఈరన్నా, మనోళ్లు కదా" అన్నాడు.

"సూడకముందైతే మర్సిపోదును అన్నా" అన్నాడు మామ. "సూసినాక యాడ మర్సేది."

కొడుకులు పదకొండు రోజులు జైల్లో ఉండి దండలతో తిరిగొచ్చారు. హనుమంతు కుంటుకుంటూ వలసబండి ఎక్కి వెళ్లిపోయాడు. మామ దగ్గర కథలు వినడానికి ఎవరూ రాలేదు. ఆయన పట్టించుకోలేదు. అలకలు వీధికి కొత్త కాదు, పడుగు వేళకు అందరూ వస్తారని ఆయన లెక్క. ఆ నమ్మకంతోనే ఒక తెల్లవారుజామున పడుగు చాచి, గంజి పట్టించేశాడు. అదే ఆయన చేసిన తప్పు. వచ్చినవాళ్లను చూసి గంజి పట్టించాలి. కానీ అంతవరకు ఎవరికీ అలా చూసుకోవాల్సిన పని పడలేదు.

నా ఆటో మా వీధిలోకి మలుపు తిరిగేసరికి ఎండ వచ్చేసింది. అరుగుల మీద అందరూ ఉన్నారు. మామ కుంచె ఒక కొస పట్టుకుని కాస్త దువ్వి, పడుగు కింద నుంచి దూరి అవతలికి వెళ్లి రెండో కొస పట్టుకుని దువ్వి, మళ్లీ దూరి ఇవతలికి వస్తున్నాడు. నేను మైకులో, ఊరంతా ఒకవైపు, ఒకే ఒక్కడు ఒకవైపు, నేడే చూడండి అని చెబుతున్నాను. ఆ సినిమా అలాంటిదే. ఇక్కడ నేను ఉప్పూకారం ఏమీ కలపడం లేదు.

ఆటో ఆయన పక్కకొచ్చి నెమ్మదించింది. ఆయన మోకాళ్ల నిండా మట్టి. నన్ను చూసి చాలా మామూలుగా అడిగాడు, "రోంత ఎదురు కుంచె పడతావేమప్పా?"

అరుగుమీద నర్సప్ప నన్నే చూస్తున్నాడు. మా నాన్న పడుగు ఎల్లుండి. నేను మైకు దించడం మరిచిపోయి అన్నాను.

"టైమైతాంది మామా, ఆదోనికి పోవల్ల."

నా మాట హారన్‌లోంచి వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మోగింది. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. మామ కుంచె కింద పెట్టలేదు. తల ఊపి, పడుగు కింద దూరి అవతలికి వెళ్లాడు.

ఆ పడుగు మధ్యాహ్నానికి అట్టయింది. పది రోజులకు మగ్గం కర్రలు విప్పి అమ్మేసి, ఆయన ఆదోనిలో ఒక పత్తిమిల్లు గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు. మూడేళ్ల తర్వాత ఆ ఊళ్లోనే థియేటరు బయట కనబడ్డాడు. లోపల ఫైటింగు జరుగుతోంది, అలవాటు ప్రకారం ముందే బయటికొచ్చి బీడీ కాలుస్తున్నాడు. నేను ఆరోజు సంగతి ఎత్తి ఏదో నసిగాను. నన్ను తిట్టు మామా అన్నాను. అందుకు ఆయన కోపం తెచ్చుకోలేదు, కథ చెప్పే గొంతుతో మాట్లాడాడు.

"సినిమావోళ్లకు ఊరంటే ఏందో తెలీదప్పా. మీసం మెలేసినోడు ఊరనుకుంటారు. వాణ్ణి కొట్టొచ్చు. ఊరంటే నీయట్లోడు. మంచోడు. టైమైతాంది అనేటోడు. నిన్ను ఎట్ల కొట్టేది సెప్పు."

నవ్వి, బీడీ పారేసి, గేటు డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన పోయినట్టు నాకు తెలిసేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది.

ఇక తిరిగి పోయిన నెల సినిమాకొస్తే, అక్కడ హీరో గెలవబోతున్నాడు. పక్కనున్న ముసలాయన ఈల వేశాడు. నేను మామ నేర్పిన ప్రకారం వెనకాల గుంపును చూశాను. బిందె పట్టుకున్నామె ఉంది. గడ్డం గీక్కునేవాడున్నాడు. ఆ చివరన, తెల్లచొక్కాలో, చూడ్డానికి మంచివాడిలా ఒకడు చేతి గడియారం చూసుకుంటున్నాడు. మిగతావాళ్ల పేర్లు ఆలోచించాల్సి వచ్చింది. వాడి పేరు మాత్రం నాకు వెంటనే తెలిసింది.