మా సూపరింటెండెంటు గారు నా మీద రాసిన అర్జీ

మా సూపరింటెండెంటు గారు మొన్న శుక్రవారం ఉదయం తెనాలిలో, సొంత ఇంట్లో, కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి కన్నుమూశారు. బాపట్లలో ఉన్న నాకు ఫోన్ చేసి చెప్పింది మా శాఖ జాయింట్ డైరెక్టర్, మా రేపల్లె మేడం. "సార్ పోయారండి" అని పెట్టేశారు. ఆవిడకీ నాకూ ఒకప్పుడు పెద్ద గొడవ. అది పెట్టిందీ ఆయనే, తీర్చిందీ ఆయనే.

మేమిద్దరం ఒకే ఏడాది బాపట్ల ఆఫీసులో చేరాం. పేరుకు మేం ఆఫీసర్లం, ఆయన మా కింద సూపరింటెండెంటు. అయినా మమ్మల్ని అబ్బాయ్, అమ్మాయ్ అనే పిలిచేవారు. ఆయన వస్తే మేమే లేచి నిలబడేవాళ్ళం. రూల్సు పుస్తకం ఆయనకు నోటికి వచ్చు. "రహస్యంగా ఇచ్చిన కుర్చీకి మూడే కాళ్ళబ్బాయ్" అనేవారు.

రిటైరయ్యాక ఆయన వరండా ఇంకో ఆఫీసైంది. ప్రమోషన్లో అన్యాయం జరిగిందని వచ్చినవాళ్ళకి ముందు టిఫిన్ పెట్టించేవారు. మొదటి పెసరట్టు ఎవరికి పెడుతున్నారో దానికి కూడా కారణం చెప్పేవారు. "ఈయన చెరుకుపల్లి నుంచి వచ్చాడు, దూరం. నువ్వు ఈ పక్కన కొల్లిపరేగా, ఆగు." తర్వాత అరగంటసేపు అవతలి వాళ్ళ తరఫున వాదించి, వచ్చినవాణ్ణి ఏడిపించి, అప్పటికీ న్యాయం ఉందనిపిస్తేనే అర్జీ రాసేవారు.

రెండేళ్ళ కిందట జాయింట్ డైరెక్టర్ పోస్టు నాకు ఇచ్చారు. జాబితా బయట పెట్టలేదు, అభ్యంతరాలు పిలవలేదు, నేరుగా ఉత్తర్వు వచ్చింది. నేనూ అడగలేదు. స్వీట్లు పట్టుకుని తెనాలి వెళ్ళాను.

ఆయన ఒక ముక్క తిని, "బాగుంది. జాబితా ఎక్కడ పెట్టారు?" అన్నారు.

"పెట్టలేదండి."

"మరి ఆ రేపల్లె అమ్మాయి నీకంటే పైన ఉండాలిగా?"

"నేను ముందు చేరానండి."

"తుపానుకి రోడ్డు తెగి ఆ పిల్ల మూడు రోజులు ఆలస్యంగా చేరింది. సీనియారిటీ చూసేది పరీక్షలో ర్యాంకుని, చేరిన రోజుని కాదు. ఇది నీకు నేనేగా నేర్పింది?"

"పైవాళ్ళు అన్నీ చూసే ఇచ్చారులెండి" అని లేచి వచ్చేశాను.

పది రోజులకి నా నియామకం మీద మేడం అర్జీ పెట్టారు. రాసిచ్చింది ఎవరో తెలిసి మళ్ళీ తెనాలి పరుగెత్తాను.

"నా మీదే రాశారా?"

"నీ మీద కాదబ్బాయ్. తలుపేసుకుని ఇచ్చిన ఆ ఉత్తర్వు మీద. రేపు నీకు ఇలాగే జరిగితే నీకూ రాస్తాను."

"ఇంక మీ గడప తొక్కనండి."

"సరే, పెసరట్టు తినేసి వెళ్ళు, ఆ తర్వాత తొక్కకు" అన్నారు.

కోపంలో కూడా తినే వచ్చాను. ఎనిమిది నెలలు వెళ్ళలేదు. ఆ కుర్చీలో ఉన్నన్నాళ్ళూ నేను మా ఆఫీసు వరండాలోకి వస్తే మాట్లాడుకునేవాళ్ళు ఆపేసేవారు. చివరికి జాబితా అందరి ముందూ పెట్టారు. ఆవిడ పేరు మొదట, నాది రెండు. కుర్చీ పోయింది. మళ్ళీ అందరూ నా ముందే మాట్లాడుకోవడం మొదలెట్టారు. అప్పుడు సిగ్గుపడుతూ తెనాలి వెళ్తే, ఆయన ఎందుకు రాలేదని అడగలేదు. "రెండో పేరైతేనేం, అందరూ చూసిన పేరు" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

శుక్రవారం సాయంత్రం పాడె లేపేటప్పుడు బంధువొకాయన నన్ను ముందుకు తోశారు. "శిష్యుల్లో పెద్దవాడివి, ముందు నువ్వు పట్టవయ్యా."

నేను పక్కకి జరిగాను. "ముందు మేడం అండి."

"ఆడవాళ్ళెందుకయ్యా?" అన్నారాయన.

గడపలో ఉన్న పిన్నిగారు, మా సార్ భార్య, కళ్ళు తుడుచుకుని, "ఆ అమ్మాయే ముందు. ఆయనుంటే అదే అనేవారు" అన్నారు.

మేడం కొంగు నడుముకి చుట్టి వచ్చి పాడె ముందు వైపు భుజం పట్టారు. ఆవిడ వెనక నేను పట్టాను. వెనక నడుస్తున్నందుకు నాకేం చిన్నతనం అనిపించలేదు. ఆవిడ పొట్టి మనిషి. పాడె ముందుకు వాలకుండా, దారంతా నేను మోకాళ్ళు వంచుకునే నడిచాను.