ఉప్పునీరు కారే చోట

ఇవాళ కోటబొమ్మాళి సంత దగ్గర ఒక పాత పికప్ బండి ఆగిపోయి ఉంది. డ్రైవర్ తాళం తిప్పినప్పుడల్లా టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. వెనక చేపల బుట్టలు. ఆ వాసనకి నా కాళ్లు కదల్లేదు.

గేరుకీ అమ్మ మోకాలికీ మధ్య ఇరుక్కుని బడికెళ్లినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? మా నాన్న చేపల బండి తోలేవాడు, అమ్మ సంతలో అమ్మేది. బడికి ఒక వీధి ముందే దిగిపోయేదాన్ని నేను, ఆ బండి మాదని ఎవరికీ తెలియకూడదని.

ఒకరోజు దారిలో ఇలాగే టక్కుమని ఆగిపోయింది. నాన్న పక్క బండి బేటరీ పెట్టి చూశాడు. సెల్ఫు మోటారు మీద సుత్తితో తట్టాడు. కదలదే! బుట్టల్లో ఐసు కరిగిపోతోంది. చేప మెత్తబడితే ఇక ఎవరూ కొనరు.

అమ్మ వంగి బండి కిందకి చూసింది.

"మన బుట్టల్లో ఉప్పునీరు రోజూ ఎక్కడ కారతాదో అక్కడ సూడు మావా. ఆ నీరు ఇనుమునైనా తినేస్తాది."

సరిగ్గా అక్కడే ఉంది, బేటరీ ఎర్తు వైరు బిగించిన బోల్టు, తుప్పు పట్టి ఉబ్బిపోయి. నాన్న దాన్ని గీకి బిగించగానే బండి లేచింది.

ఇవాళ ఈ డ్రైవర్‌కీ ఆ బోల్టే చూపించాను. అతను గీకి, బిగించి, తాళం తిప్పాడు. బండి స్టార్టయింది.

"మీరు మెకానిక్కేటండి?" అన్నాడు ఆశ్చర్యంగా.

"కాదు తమ్ముడూ, సేపల బండోళ్ల పిల్లని," అన్నాను, సంతంతటికీ వినబడేలా.