కంబన్న అడిగిన రెండో పరీక్ష

కంబన్న చదివింది రెండో తరగతి. అది కూడా రెండేళ్లు చదివాడు. అలాంటివాడికి బేతంచెర్ల దగ్గరి మా నాపరాతి గనిలో కొత్తవాళ్లకు పని నేర్పే ఉద్యోగమిచ్చారని ట్రైనింగు ఆఫీసరుకు ఒళ్లుమంట. కర్నూలు కొత్తగా రాజధాని అయిన కాలమది. ఆఫీసులు డేరాల్లో ఉన్నా దొరల కాళ్ల కింద బండలుండాలిగా! గిరాకీ పెరిగింది, రాయి లేపే చేతులు చాల్లేదు.

ముప్పై ఏళ్లు గుంతలో వంగి కంబన్న నడుము పోయింది. స్టూలు మీద కూర్చుని నేర్పే ఈ పని ఊడితే మళ్లీ గుంతలోకి దిగాలి. "ఈసారి దిగితే నలుగురు మోసుకోని రావల్సిందే" అని వాళ్లావిడ హనుమంతమ్మ మొహమాటం లేకుండా చెప్పేది.

కొత్తవాళ్లం ఇరవైమందిమి. ఎవరు బాగా నేర్పుతారో తేల్చాలని పదిమంది ఆఫీసరుకు, పదిమంది కంబన్నకు. నేను ఆఫీసరు వాటాలో పడి, నక్కతోక తొక్కాననుకున్నాను. ఆయన పుస్తకం చూసి, రోజూ ఒకే గుంత రాయి తెప్పించి, ఉలి ఎక్కడ పెట్టాలో సుద్దతో గీత గీసేవాడు. కొట్టడమే మా వంతు. బండ పొరలు పొరలుగా లేచేది. మా అంత మొనగాళ్లు లేరనుకున్నాం.

కంబన్న గీత గీయడు. రోజుకో గుంత రాయి ముందర పడేసి, సుత్తితో తట్టమని, "యాడ పొర ఇడుస్తాదో సెప్పప్పా" అని ఊరుకునేవాడు. తప్పు చెప్పినా ఆపడు. రాయి ముక్కలయ్యాక, "సూస్తివా, అది సెప్పింది, నువ్వు ఇన్లే" అనేవాడు. రెండు రోజులు నేర్పి, రెండు రోజులు లారీలకు బండలెత్తడానికి తోలేవాడు. వాళ్లలో చిన్న ఈరన్న ఒక్కడే ఒక ఇంటికి పరిచేటన్ని బండలు పగలగొట్టాడు. మేము పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

పదహారో రోజు పరీక్ష, మాకు అలవాటైన గుంత రాయి మీదే. మాలో తొమ్మిదిమంది నెగ్గారు, అందులో నేను ఫస్టు. కంబన్న వాళ్లలో నలుగురు.

"సోమవారం నుంచి గుంతలోకి దిగు" అన్నాడు ఆఫీసరు కంబన్నతో.

కంబన్న ముఖంలో నెత్తురుచుక్క లేదు. అయినా నోరు మాత్రం పోలేదు.

"సారూ, పరీచ్చ నాడు నాకు ఎక్కాలన్నీ వచ్చు. పండగ దాటినాక అయ్యోరు అడిగితే ఒగటీ రాలే. ఇంగో ఏడాది కూసోబెట్టినాడు. ఈళ్లకి గూడా నెల పోయినాక ఇంగోసారి పెట్టండి. ఎవురూ ముట్టని గుంత రాయి పెట్టండి. ఓడితే మీరు తోలే పన్లే, నేనే దిగుతా."

ఓడేవాడికి గడువిస్తే పోయేదేముందని ఆఫీసరు నవ్వుతూ ఒప్పుకున్నాడు.

నెలంతా అందరం లారీలకు బండలే ఎత్తాం. తర్వాత కొత్త రాయి ముందు నిలబడి సుద్దగీత కోసం వెతికాను. లేదు. తట్టాను. ఏదో శబ్దం వచ్చింది, నాకేమీ అర్థం కాలేదు. నా బండ మూడు ముక్కలైంది. సిగ్గుతో చచ్చిపోయాను. మాలో నిలిచింది ఇద్దరు. కంబన్న వాళ్లలో ఎనిమిదిమంది. చిన్న ఈరన్న అయితే తట్టి, తలూపి, బండను అప్పడంలా లేపాడు.

"పుస్తకంలో ఇట్లా లేదే!" అన్నాడు ఆఫీసరు పేజీలు తిప్పుతూ.

"ఆ పుస్తకం మీద మీకు పరీచ్చ ఎప్పుడైంది సారూ?"

"ఐదేళ్లయింది. ఫస్టు క్లాసు."

"అయితే అది మూసి, మూడో పాఠం సెప్పండి."

ఆఫీసరు పుస్తకం మూశాడు. నోరు తెరిచాడు. పాఠం పేరు ఒక్కటే చెప్పి, స్టూలు తానే జరిపి, "కూర్చో కంబన్నా" అన్నాడు.

మర్నాడు కంబన్న ముందు పదకొండోవాడిగా నేను కూర్చున్నాను. సాయంత్రానికి ఏడు బండలు పగలగొట్టాను.